చూసి గీయడం: రెంబ్రాంట్ బాట

మన బడిలో కాపీ కొడితే బెంచీ ఎక్కాల్సిందే. చిత్రకళలో మాత్రం చూసి గీయడమే ఓనమాలు. అందుకు రెంబ్రాంట్ జీవితమే సాక్ష్యం.

ఆయన 1606లో హాలెండులోని లైడెన్‌లో, పిండిమర నడిపేవారి ఇంట పుట్టాడు. ఊళ్లోని చిత్రకారుని దగ్గర సుమారు మూడేళ్లు, ఆమ్‌స్టర్‌డామ్‌లో లాస్ట్‌మన్ దగ్గర ఆరు నెలలు పని నేర్చుకున్నాడు. తనకంటూ పేరు వచ్చాక కూడా లాస్ట్‌మన్ చిత్రాలను ఎర్ర సుద్దతో చూసి గీశాడు. తన శిష్యులకూ అదే పాఠం: గురువు వేసిన మనిషి బొమ్మను ముందు పెట్టుకుని దింపడం.

ఆయన రంగుల పలక మీద ఉన్నవి కొద్ది రంగులే. ఎక్కువగా పసుపు, ఎరుపు, గోధుమ మట్టి రంగులు, సీసపు తెలుపు, ఎముకలు కాల్చి చేసిన నలుపు. రంగులు తగ్గితే కన్ను వెలుగునీడల మీద నిలుస్తుంది.

1642లో భార్య సాస్కియా పోయింది. 1656లో దివాలా తీశాడు. ఇల్లు, సేకరించిన కళాఖండాలు చేజారాయి. దాదాపు ఆ రోజుల్లోనే, యాభై ఏళ్ల వయసులో, మన మొగలు చిత్రాలను చూసి ఇరవైకి పైగా బొమ్మలు గీశాడు. వాటిలో షాజహానూ ఉన్నాడు. 1669లో కన్నుమూశాడు. ఆ ఏడాది కూడా తన ముఖాన్ని తానే చిత్రించుకున్నాడు.

యాభై దాటాక కుంచె పట్టి, ముడతలు పడిన ఆ ముఖాన్ని నాలుగు రంగుల్లో దింపుతున్నాను. ముక్కు ఇంకా కుదరలేదు. మన డ్రాయింగు మాస్టారుంటే తుడిచేసి మళ్లీ వెయ్యమనేవారు. వేస్తున్నాను.