కాలేయాన్ని రెండుగా చూసిన కాంట్లీ

చైనా నేత సన్ యాట్‌సెన్ పేరు మీరు పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆయన గురువు జేమ్స్ కాంట్లీ పేరు ఎప్పుడైనా విన్నారా? ఇవాళ ఓ కొడుకు తన కాలేయంలో కొంత తండ్రికి ఇస్తానని ముందుకొస్తే, కత్తి ఎక్కడ పెట్టాలో సర్జన్‌కు చెప్పేది కాంట్లీ గుర్తించిన గీతే.

స్కాట్లాండ్‌లోని డఫ్‌టౌన్‌లో 1851లో పుట్టిన కాంట్లీ లండన్ చారింగ్ క్రాస్ ఆస్పత్రిలో సర్జన్‌గా పనిచేశారు. 1887లో హాంకాంగ్ వెళ్లి, చైనా విద్యార్థుల కోసం వైద్య కళాశాల మొదలుపెట్టినవారిలో ఒకరయ్యారు. 1892లో అక్కడ పట్టా అందుకున్న తొలి బ్యాచ్‌లో సన్ యాట్‌సెన్ ఉన్నారు.

హాంకాంగ్‌లోనే ఓ శవపరీక్షలో కాంట్లీకి వింత కనిపించింది. కాలేయం కుడి సగం కుంచించుకుపోయింది, ఆ లోటు పూడ్చడానికన్నట్టు ఎడమ సగం పెరిగింది. అయితే రెండింటి మధ్య హద్దు పుస్తకాల్లో రాసిన చోట లేదు! కాలేయం పైన కంటికి కనిపించే పొరే హద్దని అప్పటిదాకా అందరూ చదువుకున్నారు. అసలు హద్దు దానికి కుడివైపున, పిత్తాశయం నుంచి వెనకున్న పెద్ద సిర దాకా సాగుతోంది. పైకి ఏ గుర్తూ ఉండదు. మీరైతే ఏం చేసేవారు? పుస్తకంలో ఉన్నదే కరెక్టనుకుని ముందుకెళ్లిపోయేవారేమో. కాంట్లీ 1897లో దాన్ని శాస్త్రవేత్తల ముందు పెట్టారు.

అంతకు ముందు ఏడాదే ఇంకో పెద్ద పని చేశారు. లండన్‌లోని చైనా రాయబార కార్యాలయం సన్‌ను పట్టి బంధించింది. కబురు అందగానే కాంట్లీ పోలీసుల దగ్గరికి, విదేశాంగ శాఖకు, పత్రికల దగ్గరికి తిరిగారు. 12 రోజులకు శిష్యుడు బయటపడ్డాడు.

ఇక గీత సంగతి. మార్పిడిలో లెక్కంతా బరువుదే. ఇచ్చే ముక్క గ్రహీత శరీర బరువులో 0.8 శాతమైనా ఉండాలన్నది పాత నియమం. 70 కిలోల మనిషికి 560 గ్రాములు. దాత కాలేయం 1,200 గ్రాములనుకోండి. గీతకు ఎడమ భాగం 35-40 శాతమే, అంటే 480 గ్రాములు దాటదు, చాలదు. కుడి భాగమైతే 700 గ్రాములు దాటుతుంది. కానీ దాతకు కనీసం 30 శాతమైనా మిగలాలి కదా! అక్కడే సర్జన్లకు నిద్ర పట్టదు. ముక్క మరీ చిన్నదైతే పేగుల నుంచి వచ్చే రక్తమంతా దాని మీదే పడి అది దెబ్బతింటుంది, కామెర్లు ముదురుతాయి, కడుపులో నీరు చేరుతుంది. పసిబిడ్డకు మరీ పెద్ద ముక్క పెడితే పొట్ట మూయడమే కష్టం. ఆ రక్తపు ఒత్తిడిని తగ్గించే పద్ధతులతో ఇప్పుడు కొన్ని కేంద్రాలు 0.6 దాకా దిగుతున్నాయి.

ఈ కొలతలు సర్జరీకి ముందే సీటీ స్కాన్‌తో తీస్తారు. మెడికల్ ఇమేజింగ్ చదువుతున్నవాళ్లు గమనించండి, తెరమీద ఆ గీత వెంట కాలేయాన్ని విడదీసి గ్రాముల్లో అంచనా కట్టే పని ఈ రంగంలోనే ఉంది. గీత పొడవునా నడిచే మధ్య సిర ఎవరికి దక్కాలన్నదీ అప్పుడే తేల్చుకోవాలి.

ఉష్ణమండల వ్యాధుల మీద, ప్రథమ చికిత్స శిక్షణ మీద చివరిదాకా పనిచేసిన కాంట్లీ 1926లో కన్నుమూశారు. మనిషికి తొలి కాలేయ మార్పిడి జరిగింది 1963లో, అమెరికాలోని డెన్వర్‌లో.