జాన్ న్యూటనుగారి మారుమనస్సు

విత్తనము నాటిన దినముననే ఎవరును పంట కోయజాలరు. మారుమనస్సు విషయమైనను ఇట్టిదే. ఈ సత్యమును మన విద్యార్థులు గ్రహింపవలెనని ఆంగ్లదేశపు దైవజనుడగు జాన్ న్యూటనుగారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన 1725వ సంవత్సరమున లండను నగరమున జన్మించెను. తండ్రి ఓడ కప్తాను. భక్తురాలగు తల్లి బాల్యముననే కుమారునికి వేదవాక్యములు నేర్పి, అతనికి ఏడేండ్లు నిండకమునుపే క్షయరోగముచే మరణించెను. 11వ యేట తండ్రితో ఓడ యెక్కిన ఆ బాలుడు క్రమక్రమముగా తల్లి బోధను మరచి దేవదూషకుడాయెను. 1744లో బలవంతముగా యుద్ధనౌకలో చేర్పబడి, పిమ్మట పారిపోయి, పట్టుబడి కొరడాదెబ్బలు తినెను. ఆ తరువాత పశ్చిమ ఆఫ్రికా తీరమున ఒక బానిసల వర్తకునియొద్ద ఆకలితోను జ్వరముతోను దినములు గడపెను.

తండ్రి కోరికపై ఒక కప్తాను ఆయనను వెదకి స్వదేశమునకు తోడ్కొని వచ్చుచుండగా, 1748 మార్చి నెలలో అట్లాంటిక్ మహాసముద్రమున ఘోరమైన తుపాను చెలరేగెను. ఓడ ప్రక్క బద్దలై నీరు లోనికి చొచ్చెను. న్యూటను తెల్లవారుజామునుండి మధ్యాహ్నమువరకు నీరు తోడి, పిమ్మట అర్ధరాత్రివరకు చుక్కాని పట్టి నిలిచి, తాను ఎగతాళి చేసిన దేవునికే మొఱపెట్టెను. నాలుగు వారములకు ఆ ఓడ ఐర్లండు తీరము చేరెను. ఆ తుపాను దినమును ఆయన జీవితాంతము ఏటేట ప్రార్థనతో ఆచరించెను.

చరిత్రము ఇచ్చటనే ముగిసినయెడల మనకు ఇంపుగా నుండును. కాని సత్యమును దాచరాదు. ఆయన దేవదూషణ మానెను, బైబిలు చదివెను. ఐనను 1750 మొదలు 1754 వరకు తానే కప్తానై, మూడు పర్యాయములు ఆఫ్రికా ప్రజలను సంకెళ్లతో వెస్టిండీసు దీవులకు గొనిపోయి అమ్మెను. ఆదివారమున ఆయన నావికులతో ప్రార్థన జరుపుచుండగా, అదే ఓడ అడుగుభాగమున మానవులు బంధకములలో మూల్గుచుండిరి. నాలుగవ ప్రయాణమునకు సిద్ధపడుచుండగా వచ్చిన మూర్ఛవలననే ఆయన ఓడ విడిచెను.

ఐనను దేవుడు ఆయనను విడువలేదు. 1755లో లివర్‌పూలు రేవున సుంకపు ఉద్యోగిగా చేరి, తీరిక వేళల గ్రీకు, హెబ్రీ భాషల నభ్యసించెను. గురుపట్టము కోరి నిరాకరింపబడియు ఓర్పుతో కనిపెట్టుకొని, 1764లో ఓల్నీ యను చిన్న ఊరిలో బోధకుడాయెను. లేసు అల్లి జీవించు పేదల యిండ్లకు పోయి పరామర్శించెను. పిల్లలకై ప్రత్యేకముగా కూటములు జరిపెను. మనోవ్యాధితో కుములుచున్న కవి విలియం కౌపరును 1773లో తన యింట చేర్చుకొని, ఏడాదికి పైగా విసుగుకొనక కాపాడెను. వారిరువురి కీర్తనలు 1779లో అచ్చయ్యెను. లోకప్రసిద్ధమగు అమేజింగ్ గ్రేస్ అను కీర్తన వానిలోనిదే.

1780లో ఆయన లండను సంఘమునకు వచ్చెను. 1785లో విలియం విల్బర్‌ఫోర్సు అను యువకుడు రహస్యముగా వచ్చి ఆలోచన యడుగగా, పార్లమెంటును విడువక అందే దేవుని సేవింపుమని బోధించెను. తుదకు 1788లో, ఓడ విడిచిన 34 సంవత్సరములకు, బానిసల వ్యాపారపు క్రూరత్వమును, అందు తన భాగమును, సిగ్గుతో ఒప్పుకొనుచు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. అధికారుల యెదుట సాక్ష్యమును నిచ్చెను. 1807 మార్చిలో ఆ వ్యాపారమును నిషేధించు శాసనము పుట్టెను. అదే సంవత్సరము డిసెంబరు 21న, 82వ యేట, న్యూటనుగారు ప్రభువునందు నిద్రించిరి.

విద్యార్థులారా, ఆయన నాలుక మొదట మారెను; తన చేతులు చేయుచున్న అన్యాయమును కన్నులు చూచుటకు అనేక సంవత్సరములు పట్టెను. ఆ యాలస్యమునకు వెల చెల్లించినవారు ఆ ఓడలలోని నిరపరాధులు. కావున మనము ప్రార్థించి లేచిన ప్రతి దినము, వసతిగృహమున మనకు వడ్డించువానితో ఎట్లు మాటలాడితిమి, చదువులో వెనుకబడిన తోడివానిని ఎట్లు చూచితిమి అని మనలను మనము పరీక్షించుకొందము. ఎవరినైన నొప్పించితిమని తెలిసిన దినముననే దిద్దుకొందము. అట్టి దినదిన పరీక్షయందే క్రీస్తు స్వభావము మనయందు పెరుగునని మేము నమ్ముచున్నాము.