పైకి రావడం నేర్పిన హాల్డేన్

స్కూబా డైవింగ్ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి అండమాన్, లక్షద్వీప్. గోరువెచ్చని నీళ్లు, రంగురంగుల చేపలు. కానీ పై చదువుకు బ్రిటన్ వెళ్లినవాళ్లకు సెలవుల్లో స్కాట్లాండ్ చూడాలనిపిస్తుంది. అక్కడి సముద్రంలోనూ ఒకసారి దిగుదామనిపిస్తుంది. ఆ నీళ్లు వేరు. మండు వేసవిలోనూ 13, 14 డిగ్రీలే. మార్చిలో అయితే 7 డిగ్రీల దగ్గరుంటాయి. అలాంటి చోట కొత్తవాళ్లు ఎక్కడ దిగాలి? ఎంత లోతుకు వెళ్లాలి? అన్నిటికంటే ముఖ్యంగా, పైకి ఎలా రావాలి? ఈ లెక్కలకు పునాది వేసింది ఆ దేశంలోనే పుట్టిన ఓ డాక్టర్. పేరు జాన్ స్కాట్ హాల్డేన్.

గాలి వెంట పడ్డ డాక్టర్

హాల్డేన్ 1860లో ఎడిన్‌బరోలో పుట్టారు. అక్కడి యూనివర్సిటీలోనే 1884లో మెడిసిన్ పూర్తిచేశారు. క్లినిక్ పెట్టుకొని స్థిరపడొచ్చు. ఆయన మాత్రం మనుషులు పీల్చే గాలి ఎలా ఉందో చూడాలనుకున్నారు. డండీ పట్టణంలోని ఇరుకు ఇళ్లకు, బడులకు వెళ్లి గాలి నమూనాలు తెచ్చి పరీక్షించారు. మురుగు కాలువల్లోకీ దిగారు.

1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గు గనిలో పేలుడు జరిగింది. మృతులను పరీక్షించిన హాల్డేన్, వాళ్లలో ఎక్కువ మంది పేలుడు దెబ్బకు కాకుండా కార్బన్ మోనాక్సైడ్ వల్ల చనిపోయారని తేల్చారు. ఆ వాయువు ఏం చేస్తుందో తెలుసుకోవడానికి తానే దాన్ని పీల్చి, తన రక్తపు చుక్కలనే పరీక్షించుకున్నారు. చిన్న ప్రాణుల మీద విషవాయువు ముందుగా పనిచేస్తుంది కాబట్టి వాటిని గనిలోకి తీసుకెళ్లమని సూచించారు. కానరీ పిట్టలు గని కార్మికులకు తోడుగా వెళ్లింది అలాగే. బ్రిటన్ గనుల్లో ఈ పద్ధతి 1980ల దాకా కొనసాగింది.

గోలీసోడా లెక్క

1905లో బ్రిటిష్ నౌకాదళం ఆయనకు ఓ సమస్య అప్పగించింది. లోతుకు దిగిన డైవర్లు కింద బాగానే ఉంటున్నారు. పైకి వచ్చాక కీళ్ల నొప్పులతో మెలికలు తిరుగుతున్నారు. కొందరికి కాళ్లు పడిపోతున్నాయి, కొందరు చనిపోతున్నారు. దీన్నే బెండ్స్ అంటారు.

కారణం గోలీసోడా కొట్టినవాళ్లందరికీ తెలిసిందే. ఒత్తిడి ఉన్నంతసేపూ గ్యాస్ నీళ్లలో కరిగి ఉంటుంది. గోలీ లోపలికి నొక్కగానే బుసబుసా పొంగుతుంది. నీటి అడుగున ఒత్తిడికి మన శరీరంలో నైట్రోజన్ కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే అది ఒంట్లోనే బుడగలు కడుతుంది.

సముద్రం పైన ఒత్తిడి 1 వాతావరణం అనుకుంటే, 10 మీటర్ల లోతులో 2, 20 మీటర్లలో 3, 30 మీటర్లలో 4. శరీరం ఒత్తిడి సగానికి తగ్గడాన్ని తట్టుకుంటుందని హాల్డేన్ అంచనా వేశారు. లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉక్కు గదిలో మేకలను ఉంచి ఈ అంచనాను పరీక్షించారు. అప్పటిదాకా డైవర్లు ఒకే వేగంతో నెమ్మదిగా పైకి వచ్చేవాళ్లు. హాల్డేన్ పద్ధతి వేరు. ముందు కొంత దూరం చకచకా రావాలి. ఆ తర్వాత ప్రతి 10 అడుగులకూ ఆగాలి. పైకి వచ్చేకొద్దీ ఎక్కువసేపు ఆగాలి.

రోత్సేలో ఆ ఆగస్టు

మేకలకు సరిపోయింది మనుషులకు సరిపోతుందా? 1906 ఆగస్టులో స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో బ్యూట్ దీవి దగ్గర, రోత్సే పరిసరాల్లో ఈ పరీక్ష జరిగింది. అక్కడ సముద్రం కొండల మధ్యకు సన్నని పాయలుగా చొచ్చుకొస్తుంది. వాటిని లాఖ్‌లు అంటారు. కొండల చాటున బయటి సముద్రపు అలల తాకిడి తక్కువ, ఒడ్డుకు దగ్గరలోనే మంచి లోతు.

లెఫ్టినెంట్ డామంట్, గన్నర్ కాటో అనే ఇద్దరు నౌకాదళ డైవర్లు రాగి హెల్మెట్లు, సీసపు బూట్లు వేసుకొని దిగారు. ఒక్కసారిగా అట్టడుగుకు పోలేదు. అంచెలంచెలుగా లోతు పెంచుకుంటూ లాఖ్ స్ట్రైవెన్‌లో 210 అడుగులు, అంటే సుమారు 64 మీటర్లు చేరారు. ఆగుతూ పైకి వచ్చారు. బెండ్స్ రాలేదు. లోతులో డైవర్లకు ఆయాసం ఎందుకో కూడా హాల్డేన్ తేల్చారు. హెల్మెట్‌లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడమే కారణం. దానికి మందు, లోతును బట్టి పంపు చేసే గాలిని పెంచడం.

ఆ యాత్రకు 13 ఏళ్ల కొడుకు జాక్ కూడా వచ్చాడు. తండ్రి అతన్నీ నీళ్లలోకి దించారు. పెద్దవాళ్ల కొలతతో కుట్టిన సూట్ అది. మణికట్ల దగ్గర వదులై చల్లటి నీళ్లు లోపలికి కారాయి. నీళ్లు ముఖం దాకా రాకుండా గాలిని సరిచేసుకుంటూ ఆ కుర్రాడు ఎలాగో నిలదొక్కుకున్నాడు.

హాల్డేన్ పట్టికలు 1908లో అచ్చయ్యాయి. నౌకాదళం వాటిని స్వీకరించింది. ఆయన నిష్పత్తిని తర్వాతివాళ్లు ఇంకా జాగ్రత్తగా సవరించారు కానీ, నేటి డైవ్ కంప్యూటర్లలో చాలావాటికి మూలం ఆ లెక్కే.

మీ మొదటి చోటు

పై అంకెలు మళ్లీ చూడండి. 30 మీటర్ల నుంచి 20కి వస్తే ఒత్తిడి నాలుగో వంతు తగ్గుతుంది. చివరి 10 మీటర్లలో ఏకంగా సగం పడిపోతుంది. లోతు తక్కువ కదా అని చివర్లో తొందరపడితే ముప్పు అక్కడే. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులే దెబ్బతినొచ్చు. అందుకే కొత్తవాళ్లు చోటు ఎంచుకునేటప్పుడు కింద ఏం కనిపిస్తుందనే దానికంటే ముందు, తిరిగి రావడం ఎంత తేలికో చూడాలి.

ఆశ్రయం: గాలికి, అలలకు ఎదురుగా ఉన్న తీరం కంటే లాఖ్ నయం. లాఖ్ లాంగ్, లాఖ్ ఫైన్‌లలో నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దిగేది అందుకే.

అడుగు: నౌకాదళానికి కావాల్సింది లోతు. మీకు అక్కర్లేదు. లాఖ్‌లలో కొన్ని చోట్ల అడుగు ఏటవాలుగా చీకట్లోకి జారిపోతుంది. 8 నుంచి 12 మీటర్ల దగ్గరే అడుగు తగిలే చోటు అడగండి. పొరపాటున కూడా అంతకంటే కిందికి పోలేరు. మొదటి స్థాయి సర్టిఫికెట్ ఉన్నా పరిమితి 18 మీటర్లే.

ప్రవాహం: దీవుల మధ్య ఇరుకు దారుల్లో ఆటుపోట్ల ఒరవడి ఎక్కువ. పోటుకు, ఆటుకు మధ్య నీరు నిలకడగా ఉండే సమయం స్థానిక శిక్షకులకు తెలుస్తుంది.

ఒడ్డు: నడిచి దిగి, నడిచి ఎక్కగలిగేలా ఉండాలి. చేతివేళ్లు మొద్దుబారాక, వీపున సిలిండర్‌తో జారుడు రాళ్లు ఎక్కడం కష్టం.

సూట్: నీరు మన ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే అక్కడ చాలామంది నీళ్లు చొరబడని డ్రైసూట్ వేసుకుంటారు. దాన్ని వాడటం వేరే విద్య. అండమాన్‌లో సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లు కూడా ముందు స్విమ్మింగ్ పూల్‌లోనో, నిస్సారమైన నీళ్లలోనో శిక్షకుల దగ్గర సాధన చేయాలి. మెడ, మణికట్ల దగ్గర సరిపోయిందో లేదో చూసుకోవాలి. జాక్ కథ గుర్తుందిగా!

వణుకు మొదలైతే డైవ్ అయిపోయినట్టే. చలికి రక్తప్రసరణ తగ్గి, కరిగిన నైట్రోజన్ బయటికి పోవడం కూడా ఆలస్యమవుతుంది.

కాకినాడ దాకా

హాల్డేన్ అక్కడితో ఆగలేదు. 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీద, పల్చటి గాలిలో శరీరం ఎలా సర్దుకుంటుందో చూశారు. 1915లో యుద్ధరంగంలో జర్మన్లు వదిలిన విషవాయువు ఏమిటో గుర్తించడానికి ఫ్రాన్స్ వెళ్లారు. డెబ్బై దాటాక కూడా చమురు కార్మికుల వడదెబ్బ కేసులు చూడటానికి ఇరాన్, ఇరాక్ ప్రయాణమయ్యారు. అక్కడి నుంచి తిరిగొచ్చాక 1936 మార్చిలో ఆక్స్‌ఫర్డ్‌లో న్యుమోనియాతో కన్నుమూశారు.

ఆ రోజు తడిసి ముద్దయిన జాక్ ఎవరో తెలుసా? ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడి పౌరుడయ్యారు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. విద్యార్థుల చదువుకు తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామా రాశారు.

తండ్రీకొడుకులిద్దరూ ప్రమాదానికి వెనకాడలేదు. కానీ పెద్దాయన ప్రతి దిగుడుకూ ముందు పైకి వచ్చే దారి లెక్కేశారు. నీళ్లలోకైనా, ఊరుగాని ఊళ్లో కొత్త ఉద్యోగంలోకైనా, దూకే ముందు ఆ ఒక్క లెక్క కాగితం మీద వేసుకోండి. మొదటి డైవ్ 8 మీటర్లతోనే ముగిసినా నష్టం లేదు. రెండోదానికి మీరు ఉంటారు.