రాష్ట్రపతి వి.వి.గిరి: ఓడిన ఎన్నిక, గెలిచిన ఎన్నిక

2022 జూలై 2వ తేదీన మన హఫీజ్‌పేటకు దగ్గరలోనే ఉన్న హెచ్.ఐ.సి.సి.లో భారతీయ జనతా పార్టీ జాతీయ కార్యవర్గ సమావేశాలు మొదలయ్యాయి. అదే రోజు రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాలు నిలబెట్టిన యశ్వంత్ సిన్హా గారికి టి.ఆర్.ఎస్. పార్టీ బేగంపేటలో ఘనస్వాగతం పలికింది. నగరంలో ఎటు చూసినా ఒకవైపు కాషాయం, ఒకవైపు గులాబీ ఫ్లెక్సీలే. నిజానికి ఆ ఎన్నికలో మనకెవరికీ ఓటు లేదు. రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎం.పి.లు, ఎం.ఎల్.ఏ.లు మాత్రమే. అయినా టీ కొట్టు దగ్గర వాదనలు మాత్రం మన ఓటుతోనే అంతా తేలుతుందన్నట్టు సాగాయి. జూలై 21న ద్రౌపది ముర్ము గారు గెలిచినప్పుడు కొందరు తమ పార్టీ గెలిచిందన్నారు, కొందరు తమ పార్టీ ఓడిందనుకున్నారు. గిరిజన విద్యార్థులకు మాత్రం పార్టీతో పనిలేని సంతోషం కూడా అందులో ఉంది.

ఓటు లేని ఎన్నికలో జనం రెండుగా చీలిపోవడం మన దేశంలో అంతకు ముందే ఒకసారి చాలా పెద్ద ఎత్తున జరిగింది. అది 1969లో. అప్పుడు ప్రధానంగా పోటీ పడిన ఇద్దరూ తెలుగువాళ్లే. ఒకరు నీలం సంజీవరెడ్డి గారు, ఇంకొకరు వరాహగిరి వేంకటగిరి గారు. గెలిచిన గిరి గారి జీవితం మన హాస్టల్ విద్యార్థులు తెలుసుకోవలసినది. అందులో ఆయన ఓడిన ఎన్నిక మనకు ఇంకా ముఖ్యం.

గిరి గారు 1894వ సంవత్సరం ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. అది అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా, ఇప్పుడు ఒడిశా. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి గిరి గారు ఐర్లండులోని డబ్లిన్ వెళ్లారు. బ్రిటిష్ వారి పాలన నుంచి విడిపోవాలని ఐర్లండు ప్రజలు పోరాడుతున్న రోజులవి. 1916లో అక్కడ ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. ఆ పోరాటం చేసేవాళ్లతో ఈ విద్యార్థికి సంబంధాలున్నాయని ప్రభుత్వం అనుమానించి దేశం విడిచి పొమ్మంది. అలా చదువుతో పాటు పోరాటం కూడా నేర్చుకుని తిరిగి వచ్చారు.

ఇక్కడికి వచ్చాక వకీలుగా ప్రాక్టీసు పెట్టారు గాని, సహాయ నిరాకరణ ఉద్యమంలో దాన్ని వదిలేసి జైలుకు వెళ్లారు. ఆయన అసలు బలం మాత్రం రైల్వే కార్మికుల్లో ఉంది. హౌరా నుంచి వాల్తేరు దాకా నడిచే బెంగాల్ నాగపూర్ రైల్వే ఆయన సొంత ఊరి మీదుగానే పోతుంది. ఆ కార్మికుల సంఘాన్ని ఆయన నిలబెట్టారు. 1927లో ఖరగ్‌పూర్‌లో జరిగిన పెద్ద సమ్మెలో ముందున్నారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. అదే సమావేశంలో అణగారిన వర్గాల తరఫున కూర్చున్నది డాక్టర్ అంబేద్కర్ గారు.

1937 ఎన్నికల్లో గిరి గారు బొబ్బిలిలో రాజా గారి మీదే పోటీ చేశారు. ఆ రాజా గారు సామాన్యుడు కాదు, జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా చేసినవాడు. ఆయన్ని ఆయన సొంత సంస్థానంలో ఓడించడం అప్పట్లో పెద్ద సంచలనం. తర్వాత రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక సిలోనులో మన దేశ హైకమిషనర్‌గా పనిచేశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ గారి మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడం నచ్చక 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. మంత్రి పదవి వదలడమంటే మాటలు కాదు. బ్యాంకు ఉద్యోగులు ఆ సంగతి మరచిపోలేదు.

ఇక 1957. గిరి గారు ఈసారి పార్వతీపురం నుంచి కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు. ఆ రోజుల్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులుండేవారు. ఒక సీటు జనరల్, ఒకటి రిజర్వుడు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. పార్వతీపురంలో రిజర్వుడు సీటు షెడ్యూల్డు తెగలది. నలుగురు పోటీ చేశారు, అందులో ఇద్దరు గిరిజనులు. లెక్క తేలేసరికి మొదటి రెండు స్థానాలూ ఆ ఇద్దరికే వచ్చాయి. బి.సత్యనారాయణ గారికి 1,26,792 ఓట్లు, డిప్పల సూరిదొర గారికి 1,24,604 ఓట్లు. గిరి గారికి 1,24,039. ఎక్కువ ఓట్లు వచ్చిన సత్యనారాయణ గారికి రిజర్వుడు సీటు ఇచ్చారు. మిగిలిన వాళ్లలో ముందున్న సూరిదొర గారు జనరల్ సీటుకు ఎన్నికైనట్టు ప్రకటించారు. రాజా గారిని ఓడించిన గిరి గారు, కేంద్రమంత్రిగా చేసిన గిరి గారు, ఒక గిరిజన అభ్యర్థి చేతిలో 565 ఓట్లతో ఓడిపోయారు.

గిరి గారు కోర్టుకు వెళ్లారు. రిజర్వుడు సీటు కోసమని నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారన్నది ఆయన వాదన. సూరిదొర గారు క్షత్రియుడిలా బతుకుతున్నారు కాబట్టి ఆయన గిరిజనుడే కాదని కూడా వాదించారు. ఒకే మనిషిని గిరిజనుడు కాబట్టి జనరల్ సీటుకు పనికిరాడనడం, మళ్లీ అసలు గిరిజనుడే కాడనడం! కోర్టుల్లో ఇలాంటి వాదన మామూలేనంటారు, కానీ మన కళ్లతో చదివితే మనసుకు కష్టంగానే ఉంటుంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1959లో ఎక్కువమంది న్యాయమూర్తులు సూరిదొర గారి ఎన్నిక సరైనదేనని తీర్పు చెప్పారు. రిజర్వుడు సీటు అనేది తెగలవాళ్లకు కనీసం ఇంత దక్కాలని పెట్టిన హామీ, అంతకు మించి రాకూడదని గీసిన గీత కాదన్నది ఆ తీర్పు సారాంశం.

ఇప్పుడు మన పిల్లలు కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడు ర్యాంకు బాగా వస్తే ఓపెన్‌లో సీటు వస్తుంది, దాన్ని కోటాలో లెక్కవేయకూడదు అని సీనియర్లు చెబుతుంటారు. కాలేజీ సీట్లకూ ఉద్యోగాలకూ వేరే తీర్పులున్నాయి, అయినా ఆలోచన ఒకటే. ఆ మాటను పార్వతీపురం ఓటర్లు 1957లోనే ఓటుతో చెప్పారు. ఆ తర్వాత 1961లో ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. రిజర్వుడు నియోజకవర్గాలు విడిగా ఏర్పడ్డాయి. దానితో మేలు జరిగిందా, జనరల్ స్థానాల్లో మనవాళ్లు గెలిచే దారి ఇరుకైందా అన్నది ఇంకా చర్చించవలసిన విషయమే. నా మటుకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఓడినా గిరి గారు ఖాళీగా లేరు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు వరుసగా గవర్నర్ అయ్యారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే మరణించడంతో గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు తీసుకున్నారు. జాకీర్ హుస్సేన్ గారు కూడా మన హైదరాబాదులో పుట్టినవారే.

అక్కడ మొదలైంది అసలు కథ. కాంగ్రెస్‌లోని పెద్దలు ప్రధాని ఇందిరాగాంధీ గారి ఇష్టానికి వ్యతిరేకంగా సంజీవరెడ్డి గారిని పార్టీ అభ్యర్థిగా నిర్ణయించారు. గిరి గారు స్వతంత్రంగా నిలబడతానన్నారు. జూలై 19న ఇందిరాగాంధీ గారు 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. ఆ ఆర్డినెన్సు మీద సంతకం చేసింది గిరి గారే. మర్నాడే పదవికి రాజీనామా చేశారు. బ్యాంకు ఉద్యోగుల కోసం ఒకప్పుడు మంత్రి పదవి వదిలిన మనిషి బ్యాంకుల జాతీయకరణ మీద సంతకం పెట్టి బయటికి వచ్చి పోటీ చేయడం జనంలోకి బాగా వెళ్లింది. ఢిల్లీలో ఆటోవాళ్లు, టాక్సీవాళ్లు, చిన్న ఉద్యోగులు ఊరేగింపులుగా ప్రధాని ఇంటికి వెళ్లారు. రాష్ట్రపతి ఎన్నిక ఎం.పి.ల చేతుల్లోంచి వీధిలోకి వచ్చేసింది. గిరి గారంటే పేదల పక్షం, సంజీవరెడ్డి గారంటే పెద్దల పక్షం అని ముద్రలు పడిపోయాయి.

ఆ ముద్ర పూర్తిగా నిజం కాదు. సంజీవరెడ్డి గారు అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో పుట్టి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లి, ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి అయిన మనిషి. కానీ జనం ఒకసారి పక్షం కట్టాక ఇలాంటివి ఎవరు చూస్తారు?

మన హైదరాబాదులో లెక్క ఇంకో రకం. 1969 అంటే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రగులుతున్న ఏడాది. జనవరి నుంచి కాలేజీలు నడవలేదు, విద్యార్థులు కాల్పుల్లో చనిపోయారు. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసిన ఆంధ్ర నాయకుల్లో సంజీవరెడ్డి గారు ఒకరు. తీరా ముఖ్యమంత్రి అయ్యాక తెలంగాణకు రావలసిన ఉపముఖ్యమంత్రి పదవి ఇవ్వలేదు. కాబట్టి ఢిల్లీలో పేద, పెద్ద అని చూసిన పోటీని ఇక్కడి మనిషి ఆ పాత బాకీ కంటితో చూడటానికి కారణం ఉంది.

ఓటు వేయడానికి ముందు ఇందిరాగాంధీ గారు పార్టీ మాట కాదు, అంతరాత్మ మాట వినమన్నారు. అంతరాత్మ ప్రబోధం అనే పదం తెలుగు రాజకీయాల్లో ఇప్పటికీ నలుగుతోంది. ఆగస్టు 16న ఓట్లు పడ్డాయి. ఒక్కో ఎం.పి. ఓటు విలువ 576, మన రాష్ట్రం ఎం.ఎల్.ఏ. ఓటు విలువ 125. ఆగస్టు 20న లెక్కించారు. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చాయి. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యత ఓట్లు కలిపాక గిరి గారు 4,20,077, సంజీవరెడ్డి గారు 4,05,427. తేడా 14,650. అంటే పాతిక మంది ఎం.పి.ల ఓట్ల పాటి. రెండో ప్రాధాన్యత దాకా వెళ్లి తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. పార్టీ టిక్కెట్టు లేకుండా స్వతంత్రుడిగా గెలిచిన రాష్ట్రపతీ ఆయనొక్కరే.

గెలిచినవాళ్లు పండగ చేసుకున్నారు. ఓడినవాళ్లు మోసం అన్నారు. సంజీవరెడ్డి గారి మీద సంతకం లేని నీచమైన కరపత్రం పంచారని, ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో కేసు వేశారు. పన్నెండేళ్ల కింద ఓడి కోర్టుకెక్కిన గిరి గారు ఈసారి గెలిచి కోర్టుకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. రాష్ట్రపతి పదవిలో ఉంటూ స్వయంగా వచ్చి సాక్ష్యం ఇచ్చారు. 1970లో కోర్టు కేసు కొట్టేసింది. ఈలోగా 1969 నవంబరులో కాంగ్రెస్ పార్టీయే రెండుగా చీలిపోయింది.

1969లో ఓటు లేని జనానికి 1971లో ఓటు వచ్చింది. ఇందిరాగాంధీ గారి కాంగ్రెస్‌కు 352 సీట్లు, పెద్దల కాంగ్రెస్‌కు 16. సంజీవరెడ్డి గారు హిందూపురంలో ఓడిపోయారు. తెలంగాణ ఓటరు మాత్రం ఆ గాలికి కొట్టుకుపోలేదు. ఇక్కడి 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజాసమితికి ఇచ్చాడు.

గిరి గారి మీద ఆశ పెట్టుకున్న కార్మికులకు చేదు అనుభవం 1974లో ఎదురైంది. ఆ ఏడాది మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. నడిపింది గిరి గారు పునాది వేసిన సమాఖ్యే, దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. వేలాదిమంది కార్మికులను అరెస్టు చేశారు, క్వార్టర్లలోంచి కుటుంబాలను వెళ్లగొట్టారు. దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రం మన సికింద్రాబాదే. మనం ఎం.ఎం.టి.ఎస్. ఎక్కే హఫీజ్‌పేట స్టేషను కూడా దాని కిందిదే. మూడు వారాల్లో సమ్మె అణిగిపోయింది. ఖరగ్‌పూర్ సమ్మె నాయకుడు అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకోవలసిన పదవి అది, నిజమే. అయినా 1954లో రాజీనామా చేసిన మనిషి 1974లో చేయలేదు. ఆయన జీవితం చదివినవాళ్లు ఈ రెండేళ్లనూ పక్కపక్కన పెట్టుకోక తప్పదు.

అదే సంవత్సరం ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న ఇచ్చారు. 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఒక్కటీ నంద్యాల, అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి గారు. ఆ జూలైలో ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్ల కింద ఆయన్ని ఓడించడానికి వీధికెక్కిన పార్టీలు ఈసారి ఎదురు అభ్యర్థినే నిలబెట్టలేదు.

గిరి గారు 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. ఆ రోజు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది సంజీవరెడ్డి గారే.