ఏకాంతవాసి కావెండిష్

తెలుగులో ఒంటరితనం, ఏకాంతం అని రెండు మాటలున్నాయి. కోరకుండా మీద పడేది మొదటిది. కోరి తెచ్చుకొనేది రెండవది. వేలాది భక్తులకు దర్శనమిచ్చే తిరుమల శ్రీనివాసునికి కూడా రాత్రివేళ ఏకాంతసేవ జరుగుతుంది. దేవునికి తగునని లోకం అంగీకరించిన ఏకాంతాన్ని ఒక మనిషి కోరుకుంటే మాత్రం అది గర్వమనో, లోకజ్ఞానం లేకపోవడమనో అనుకోవడం పరిపాటి. అటువంటి అపార్థాల నడుమ జీవించి, మౌనంగా భూగోళాన్నే తూచిన శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్.

కావెండిష్ 1731 అక్టోబరు 10న, నేడు ఫ్రాన్స్‌లో ఉన్న నీస్ నగరంలో జన్మించాడు. ఆయనది ఇంగ్లండులోని సంపన్నమైన ప్రభువంశం. తాతలిద్దరూ డ్యూక్ బిరుదాంకితులు. రెండేళ్ళ ప్రాయంలోనే తల్లిని కోల్పోయిన ఆ బాలుని తండ్రి లార్డ్ చార్లెస్ పెంచాడు. తండ్రి స్వయంగా ప్రయోగాలు చేసే విజ్ఞాని. కావెండిష్ 1749లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరి, 1753లో పట్టా తీసుకోకుండానే తిరిగివచ్చాడు. ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు లండనులో తండ్రివద్దనే ఉంటూ ప్రయోగాలు సాగించాడు. 1760లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

1766లో ఆయన లోహాలపై ఆమ్లాల చర్యవల్ల వెలువడే ఒక వాయువును సేకరించి, అది సాధారణమైన గాలికంటె ఎంతో తేలికయినదని నిరూపించాడు. అదే నేటి హైడ్రోజన్. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ ఆయనకు కోప్లే పతకాన్ని బహూకరించింది. ఆ వాయువు మండినపుడు నీరు ఏర్పడుతుందని 1784లో వెల్లడించాడు. పంచభూతాలలో ఒకటిగా, విడదీయరాని మూలపదార్థంగా యుగాలపాటు భావింపబడిన జలం సంయోగ పదార్థమని తేలడానికి ఆ ప్రయోగం దారి చూపింది. 1785లో గాలిని పరీక్షిస్తూ, అందులోని నత్రజనిని ఎంత తొలగించినా దానిలో 120వ వంతుకు మించని ఒక చిన్న బుడగ మిగిలిపోవడం గమనించి నమోదు చేశాడు. ఆ బుడగలోని రహస్యం 1894లో గాని వీడలేదు. ఆ ఏడు రేలీ, రామ్సేలు కనుగొన్న ఆర్గాన్ వాయువే అది.

ఇంతటి సూక్ష్మదృష్టి గల కావెండిష్ మనుషుల ఎదుట మాత్రం నిలువలేకపోయేవాడు. ఇంటి పనివారికి చెప్పవలసినదంతా చీటీమీద వ్రాసి బల్లపై పెట్టేవాడు. పరిచారికలు ఎదురుపడకుండా ఇంటిలో మరొక మెట్లదారి కట్టించాడు. తన గ్రంథాలయాన్ని నివాసానికి దూరంగా, వేరొక భవనంలో ఉంచాడు. జిజ్ఞాసువులకు అందులోని పుస్తకాలు ఎరువిచ్చేవాడు. తన పుస్తకం తాను తీసుకున్నా చిట్టాలో సంతకం చేసేవాడు. రాయల్ సొసైటీ మిత్రుల విందులకు క్రమం తప్పక వెళ్ళేవాడు గాని, ఎవరైనా నేరుగా పలకరిస్తే బెదరి పక్కకు తొలగేవాడు. ఆయనతో మాట్లాడదలచినవారు ఆయనవైపు చూడకుండా, శూన్యంతో సంభాషిస్తున్నట్లు మాట్లాడాలన్న కిటుకును తోటి శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అలా మాట్లాడితే విలువైన సమాధానం లభించేది. ఆయనకు అయిష్టమైనది విజ్ఞాన చర్చ కాదు, తనపై నిలిచే చూపు. మనకు లభిస్తున్న ఆయన చిత్రం సైతం విలియం అలెగ్జాండర్ అనే చిత్రకారుడు ఆయనకు తెలియకుండా గీసినదే.

మాట తక్కువ కనుక మనసు కూడా తక్కువే అనుకోవడం పొరపాటు. ఒకనాడు ఒక స్త్రీని ఆవు తరుముతుండగా, ఆయన అడ్డుపడి దానిని మళ్ళించి, కృతజ్ఞతలకోసం ఆగకుండా వెళ్ళిపోయాడని ఆయన చరిత్రకారులు చెబుతారు. తన గ్రంథాలయాన్ని సర్దిన ఒక విద్వాంసుడు అస్వస్థుడైనాడని విన్నపుడు, అడిగినవారు ఊహించనంత పెద్దమొత్తం ఇవ్వజూపాడని కూడా చెబుతారు.

ఆయన పేరును శాశ్వతం చేసిన ప్రయోగం 1797-98లలో క్లాపమ్‌లోని ఆయన తోటలో జరిగింది. జాన్ మిషెల్ అనే శాస్త్రవేత్త రూపొందించిన సాధనం ఆయన మరణానంతరం కావెండిష్ చేతికి వచ్చింది. ఆరడుగుల కొయ్యబద్ద రెండు కొసలకు రెండు చిన్న సీసపు గుండ్లు వ్రేలాడదీసి, వాటి సమీపానికి ఒక్కొక్కటి 158 కిలోల పెద్ద గుండ్లను తెచ్చినపుడు, ఆకర్షణవల్ల ఆ బద్ద ఎంత తిరుగుతుందో కొలవాలి. ఆ కదలిక అత్యల్పం. మనిషి దగ్గర నిలబడితే చాలు, దేహపు వేడికి గాలి కదిలి కొలత తప్పిపోతుంది. అందుచేత కావెండిష్ ఆ పరికరాన్ని గదిలో మూసివేసి, తాను బయట ఉండి, గోడల రంధ్రాలలో అమర్చిన దూరదర్శినులతో చూశాడు. పెద్ద గుండ్లను కూడా బయటినుండే కదిలించాడు. భూమి సాంద్రత నీటి సాంద్రతకు 5.48 రెట్లని 1798లో ప్రకటించాడు. నేటి విలువ 5.51. సమీపించకుండా పరిశీలించడం ఎలాగో ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది!

విద్యుత్తుపై ఆయన చేసిన పరిశోధనలు చాలావరకు వ్రాతప్రతులలోనే ఉండిపోయాయి. తరువాతి కాలంలో కూలుంబ్, ఓమ్‌ల పేర ప్రసిద్ధికెక్కిన నియమాలను ఆయన ముందే గ్రహించినట్లు 1879లో మాక్స్‌వెల్ వాటిని ప్రకటించాకగాని లోకానికి తెలియలేదు.

1810 ఫిబ్రవరి 24న కావెండిష్ కన్నుమూశాడు. అంత్యకాలం సమీపించిందని గ్రహించి, కొంతసేపు తన గదిలోకి రావద్దని సేవకుని పంపివేశాడట. పదిలక్షల పౌండ్లకు మించిన ఆస్తి గల ఆ ధనికుడు చివరి క్షణాలలో కోరినది ఏకాంతం మాత్రమే.

1851లో జార్జి విల్సన్ వ్రాసిన జీవితచరిత్ర ఆయనను రాగద్వేషాలు లేని యంత్రంవంటి వ్యక్తిగా చిత్రించింది. కాలక్రమంలో ఆ దృష్టి మారింది. 1943లో లియో కానర్, 1944లో హాన్స్ ఆస్పెర్గర్ కొందరు పిల్లల ప్రవర్తనను వర్ణించిన పిమ్మట, ఆటిజం లేక స్వలీనత అనే స్థితి వైద్యశాస్త్రానికి స్పష్టమైంది. నాడీవైద్య నిపుణుడు ఆలివర్ శాక్స్ 2001లో విల్సన్ గ్రంథాన్ని పరిశీలించి, కావెండిష్‌లో ఆ లక్షణాలు బలంగా కనిపిస్తున్నాయని వ్రాశాడు. గతించిన వ్యక్తిని పరీక్షించడం సాధ్యం కాదు కనుక దీనిని నిర్ధారణ అనలేము. అయినా ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి అది ఒక దారి. ఆటిజం గలవారిలో పలువురికి శబ్దం, వెలుతురు, స్పర్శ, ఎదుటివారి చూపు ఇతరులకంటె తీవ్రంగా తాకుతాయి. నలుగురిలో గడిపిన పిదప తేరుకోవడానికి వారికి ఏకాంతం అవసరం. అది మనుషులపై ద్వేషం కాదు. అలసిన మనసుకు విశ్రాంతి. అందరి అవసరమూ ఒకేరీతిగా ఉండదు. సాంగత్యాన్ని మిక్కిలి కోరేవారూ వారిలో ఉన్నారు. కనుక ఎవరినైనా బలవంతంగా వేరుచేసి ఉంచడం ఏకాంతం అనిపించుకోదు.

కావెండిష్‌కు సంపద ఉంది గనుక వేరే మెట్లదారి కట్టించుకోగలిగాడు. సామాన్యుని బిడ్డకు ఆ వెసులుబాటు ఏదీ? శేరిలింగంపల్లి ప్రాంతాన్నే చూడవచ్చు. అక్కడ 1974లో నెలకొన్న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నేటికీ రాళ్ళగుట్టలు, చెరువుల నడుమ నిశ్శబ్దం దొరుకుతుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూర్ పరిసరాలలోనో, అడ్డుగోడలు లేని విశాలమైన గదులలో వందలమంది పక్కపక్కనే పనిచేస్తారు. వసతిగృహాలలో ఒకే గదిని పలువురు పంచుకుంటారు. ఉన్న కాసింత చోటులో తలుపు వేసుకొనే వీలు లేక, అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకుతో నలిగిపోయే యువకుడు వారిలో ఒకడు ఉండవచ్చు.

అతని అవసరాన్ని చట్టమూ గుర్తించింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో ఆటిజాన్ని తన పరిధిలో చేర్చి, తగిన సదుపాయాలు కల్పించవలసిన బాధ్యతను చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చింది. అయితే చట్టం తలుపు దాకా వస్తుంది. తలుపు తట్టి, అనుమతి అడిగి లోనికి రావలసినది ఇరుగుపొరుగువారు, సహాధ్యాయులు, సహోద్యోగులే. నోటితో జవాబు చెప్పలేనివానికి వ్రాసి ఇచ్చే అవకాశం కల్పించడం, కళ్ళలోకి చూడలేదని తప్పుపట్టకపోవడం, విరామవేళ ఒక నిశ్శబ్దమైన గది చూపడం ఖర్చుతో కూడిన పనులు కావు. కావెండిష్ మిత్రులు రెండు శతాబ్దాల క్రితమే ఆ పని చేశారు. చూపు పక్కకు తిప్పుకొని మాట్లాడి, ఆయన జవాబుకోసం ఓపికతో వేచి ఉన్నారు.