మూలపేట గుడి ముందు శ్రీరాములు

ఆంధ్ర రాష్ట్రానికి ఆద్యుడెవరంటే పొట్టి శ్రీరాములు పేరే చెబుతాం. ఆయన గురించి చెప్పమంటే 58 రోజుల దీక్షతో ఆగిపోతాం. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట మొదలైన ఆ దీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన మరణంతో ముగిసింది. నాలుగు రోజులకే నెహ్రూ ప్రత్యేక రాష్ట్ర ప్రకటన చేశారు. ఈ కథ అందరికీ తెలుసు. అంతకు ఆరేళ్ల ముందు ఆయన నెల్లూరులో ఎవరి కోసం పస్తులున్నారన్నది తెలిసినవారు తక్కువ.

శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసులో ఒక వైశ్య కుటుంబంలో జన్మించారు. పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లాలోని పడమటిపల్లి. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్యాబిడ్డలు మరణించాక కొలువు వదిలి సబర్మతి చేరారు. ఉప్పు సత్యాగ్రహంలో, క్విట్ ఇండియాలో జైలుకు వెళ్లారు.

ఆయన అసలు పోరాటం నెల్లూరులో, స్వజనంతోనే జరిగింది. మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులను రానివ్వాలంటూ 1946లో నిరశనకు కూర్చున్నారు. ఆలయ ద్వారాలు తెరుచుకున్నాయి. 1948లోగా మరో రెండు మార్లు నిరశన పట్టారు. కలెక్టర్లు వారానికి కనీసం ఒక్క రోజు దళితుల అభ్యున్నతికి కేటాయించాలని మద్రాసు ప్రభుత్వం చేత ఆదేశాలు జారీ చేయించారు. అస్పృశ్యతను నిరసించే అట్టలు మెడలో వేలాడదీసుకుని, ఎండలో గొడుగు లేకుండా, చెప్పులు లేకుండా వీధుల్లో తిరిగేవారు. ఎరుగనివారు పిచ్చివాడనుకున్నారు. ఎరిగిన అగ్రవర్ణాలవారు దూరం పెట్టారు. ఇప్పుడు ఆయనను మావాడని జయంతులు జరిపే కుల సంఘాలకు ఈ ముక్క రుచించకపోవచ్చు.

ఈ మార్గానికి పరిమితులు లేకపోలేదు. పస్తున్నది అగ్రవర్ణస్థుడు, కరగవలసినదీ అగ్రవర్ణ హృదయమే. దళితులు అక్కడ లబ్ధిదారులుగానే మిగిలారు. గుడి తెరుచుకున్నా పెన్నా డెల్టా వరిపొలాల మీద పెత్తనం మారలేదు. ఆంధ్రలో భూమి, పదవులు, వ్యాపారం రెండు పెద్ద కులాల గుప్పిట్లో ఉన్నాయని, అస్పృశ్యులు వారికి లోబడి బతకవలసిందేనని అంబేడ్కర్ 1953లోనే హెచ్చరించారు. అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రం ఏర్పడింది. శ్రీరాములు ప్రాణమిచ్చిన రాష్ట్రం ఎవరి చేతికి వెళ్లిందో తర్వాతి మంత్రివర్గాల జాబితాలు చూస్తే చాలు.

2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆ పేరుతో నడిచే కలెక్టరు కార్యాలయంలో, ఆయన పస్తులుండి సాధించిన వారానికి ఆ ఒక్క రోజు ఇప్పుడు ఎవరిది?