పిల్లనగ్రోవితో దేశాటనము: ఆలివర్ గోల్డ్‌స్మిత్ విద్యార్థి దినములు

ఆంగ్లకవిత్వము చదివిన పై తరగతుల విద్యార్థులలో ఆలివర్ గోల్డ్‌స్మిత్ పేరు విననివారు తక్కువగా నుందురు. పాడుపడిన పల్లెను గూర్చి అతడు వ్రాసిన కావ్యమును, వేక్‌ఫీల్డు గ్రామగురువు కథను తలిదండ్రులలో గూడ ననేకులు తమ చదువుకాలమున చదివినవారే. అయినను ఈ గ్రంథకర్త విద్యార్థిగా పరదేశములకు పోయి, చేత కాసు లేక, కాలినడకను ఐరోపాఖండములో నాలుగైదు దేశములు చూచివచ్చిన సంగతి పాఠ్యపుస్తకముల పీఠికలలో రెండు పంక్తులకు మించి కానరాదు. మాకా రెండు పంక్తులే మిక్కిలి రుచించినవి గావున వానినే ఇచ్చట విరివిగా చెప్పబూనితిమి. ముందుగా నొక మాట ఒప్పుకొనవలయును. ఇతని నడవడిని బాలురకు మాదిరిగా చూపుట ఉపాధ్యాయులకు చిక్కైన పని. బంధువులు కడుపు కట్టుకొని పంపిన ధనమును ఇతడు పలుమారులు పాడుచేసెను. అయినను ఇతనిపై కోపము నిలుపుకొనుట మాకు ఎన్నడును సాధ్యపడలేదు.

గోల్డ్‌స్మిత్ ఐర్లాండు దేశమున 1728వ సంవత్సరము నవంబరు 10వ తేదీన జన్మించెనని సాధారణముగా చెప్పుదురు. తండ్రి చార్లెస్ స్వల్పాదాయము గల గ్రామదైవసేవకుడు. బాల్యమున మశూచికము సోకి ముఖమెల్ల మచ్చలు పడుటచే తోడిపిల్లలు అతనిని వెక్కిరించుచుండిరి. లిస్సాయి గ్రామములోని బడిపంతులు బర్న్ అనునతడు స్పెయిన్ దేశపు యుద్ధములలో పనిచేసివచ్చిన వృద్ధసైనికుడు. లెక్కలకంటె తాను తిరిగిన దేశముల ముచ్చట్లు చెప్పుటయందే ఆయనకు మక్కువ యెక్కువ. ఊరూర తిరుగవలెనను తెగులు బాలునకు ఆ బడిలోనే అంటుకొనెనని మా యూహ. ఉపాధ్యాయులమగు మేము తరగతిలో ప్రసంగవశమున చెప్పు మాటలు ఏ బాలుని ఎంతదూరము తీసికొనిపోవునో ఎవరు చెప్పగలరు?

డబ్లిను నగరమందలి ట్రినిటీ కళాశాలలో అతడు పేదవిద్యార్థిగా చేరెను. అట్టివారు జీతము తక్కువ చెల్లించి, బదులుగా ఊడ్చుట, భోజనపు బల్లలయొద్ద వడ్డించుట మొదలగు పనులు చేయవలయును; వారిని గుర్తించుటకు వేరు టోపి కూడ నుండెడిది. 1747లో తండ్రి మరణించెను. వీధిపాటలు వ్రాసి ఒక్కొక్కటి 5 షిల్లింగులకు అమ్ముకొనుచు, ఎట్లో 1749లో పట్టము పొందెను. తరువాతి మూడేండ్ల కథ వైఫల్యముల జాబితాయే. దైవసేవకుడు కాబోయి బిషప్పుచే త్రోసివేయబడెను. అమెరికాకు పోవలెనని గుఱ్ఱమును 30 పౌనులును తీసికొని రేవుకు పోయి, గుఱ్ఱమును ధనమును పోగొట్టుకొని ఒక గొడ్డుగుఱ్ఱముపై తిరిగివచ్చెను. న్యాయశాస్త్రము చదువుమని మేనత్త భర్తయగు కాంటరైన్ మామ 50 పౌనులిచ్చి పంపగా, అది డబ్లినులోనే జూదమున హరించెను. కాంటరైన్ కూడ దైవసేవకుడే. గొప్ప ధనికుడు కాడు. అయినను అల్లునిపై ఆశ విడువక 1752లో వైద్యశాస్త్రమునకై ఎడింబరోకు పంపెను. గోల్డ్‌స్మిత్ మఱల ఐర్లాండు నేలపై అడుగిడలేదు.

ఎడింబరో చేరిన దినముననే అతనికొక వింత జరిగెనని చెప్పుదురు. బసలో పెట్టె దింపించి, ఊపిరి త్రిప్పుకొనకయే నగరము చూడ బయలుదేరెను. కొండమీది కోటయు, ఇరుకు సందులును, ఎత్తైన మేడలును చూచుచు ప్రొద్దుగ్రుంకువఱకు తిరిగి, ఇంటికి పోవలెనని తలచునప్పటికి బస ఏ వీధిలో నున్నదో, ఇంటి యజమానురాలి పేరేమో తెలిసికొనుట మఱచితినని జ్ఞప్తికి వచ్చెను. అదృష్టవశమున ఉదయము తన పెట్టె మోసిన కూలివాడే ఎదురై త్రోవ చూపెను. లేకున్న ఆ రాత్రి వీధిలోనే. విహారయాత్రకు బాలురను కొనిపోవునప్పుడెల్ల బస పేరు కాగితముపై వ్రాయించి జేబులో పెట్టించుట మా వాడుక. బాలురు నవ్వుదురు. ఈ కథ చదివినది మొదలు మేమా వాడుకను మానలేదు.

అక్కడ శరీరనిర్మాణ శాస్త్రము బోధించు మన్రో పండితుని ప్రసంగములను అతడు శ్రద్ధగా వినెను. 1753లో ఉత్తరపు కొండసీమలు చూడబోయెను. మొదటిదినము నడిచెనుగాని కాలివ్రేలి ఆనెకాయ బాధింపగా నొక గుఱ్ఱమును అద్దెకు తీసికొనెను. ఆ గుఱ్ఱము పొట్టేలంత పొడవే యనియు, దాని నడక యజమానునివలెనే దిగులుగా నుండెననియు మామకు వ్రాసిన యుత్తరములో వేడుకగా వర్ణించెను. ఇట్టి యుత్తరములు చదువుకొనుచు ఆ వృద్ధుడు పంపిన ధనమును మఱచియుండునని తోచును.

1754 ఆరంభమున పై చదువు చదువుదునని చెప్పి ఫ్రాన్సుదేశపు బోర్డో రేవునకు పోవు ఓడ నెక్కెను. గాలివాన తగిలి ఓడ న్యూకాసిలు రేవున చేరెను. ప్రయాణికులు దిగి విశ్రమించుచుండగా రాజభటులు వచ్చి అందఱిని చెఱపట్టిరి. తోడి ప్రయాణికులు ఫ్రెంచిరాజు సైన్యమునకు జనులను రహస్యముగా చేర్చుకొనుచుండినవారట! నేరమెఱుగని మన విద్యార్థియు రెండు వారములు కారాగృహములో నుండెను. ఇంతలో ఓడ సాగిపోయి గరోన్ నదీముఖమున మునిగి, అందున్నవారెల్లరు మరణించిరి. కారాగృహమే అతని ప్రాణము కాపాడినది. ఈ కథకు అతని యుత్తరమే యాధారము. అతడు ముచ్చట్లకు ఉప్పుకారములు చేర్చుటలో నేర్పరి. చదువరులు తమకు తోచినంత నమ్మవచ్చును.

వేఱొక యోడలో హాలెండుదేశపు రాటర్‌డాముకు చేరి, అచ్చటినుండి లైడెను విశ్వవిద్యాలయమునకు పోయెను. ఆ దేశమున కాలువలే రాజమార్గములు. గట్టుమీద గుఱ్ఱము లాగుచుండ కప్పుగల పడవలు మెల్లగా సాగుచుండును. లోపల నానాదేశములవారు కూర్చుండి కొందఱు పేకాడుచు, కొందఱు కునుకుచు పోవుచుందురు. గోదావరి కాలువలపై పడవ ప్రయాణములు చేసిన మన పెద్దలకు ఈ వర్ణన క్రొత్త కాదు. స్కాట్లండులో ఎటుచూచినను కొండలు కనుచూపు నడ్డగించుచుండగా, హాలెండులో చాపపఱచినట్లు సమతలమైన తోటలు, ఇండ్లు, కాలువలు కనబడుట అతనికి అబ్బురమాయెను. చదువు మాత్రము అంతగా సాగలేదు. రసాయనశాస్త్ర పండితుడగు గౌబియస్‌ను దప్ప తక్కిన యుపాధ్యాయులను అతడు మెచ్చుకొనలేదు. ధనము జూదమున కొంత పోయెను, తక్కినది దానంతట నదియే పోయెను.

లైడెను విడువవలసిన దినము వచ్చినది. ఎల్లిస్ అను తోడివిద్యార్థి జాలిపడి త్రోవఖర్చునకు అప్పిచ్చెను. ఆ ధనముతో నతడు వీధిలో పోవుచు పూలమొక్కల యంగడి యొకటి చూచెను. అందు తులిప్పు దుంపలున్నవి. 1637లో ఈ దుంపల బేరమున హాలెండులో ననేకులు చితికిపోయిరి. ఆ పిచ్చి చల్లారినను మేలిజాతి దుంపల వెల యింకను హెచ్చుగనే యుండెను. కాంటరైన్ మామకు ఈ పూవులనిన ప్రాణము. అది జ్ఞప్తికి వచ్చినదే తడవుగా అప్పుతెచ్చిన ధనమెల్ల అంగడివానికిచ్చి, దుంపలు కొని మామకు పంపివేసెను. మఱునాడు ఒక మాఱుచొక్కాతోను, పిల్లనగ్రోవితోను, ఇంచుమించు ఉత్తజేబులతోను ప్రయాణమయ్యెను. ఇది 1755 ఫిబ్రవరి. ఈ ఘట్టము చదివినపుడెల్ల మాకు రెండు భావములు ఒక్కసారి కలుగును. తనది కాని ధనముతో బహుమానము చేయుట తప్పని చెప్పవలసిన వారము మేమే. కాని తాను పాడుచేసిన 50 పౌనులును, ఇతర ధనమును అతని మనస్సును ఎంతగా కాల్చుచుండినవో ఆ దుంపలే చెప్పుచున్నవి గదా.

అచ్చటినుండి ఫ్లాండర్సు మీదుగా ఫ్రాన్సుకు నడచెను. త్రోవలో నతని జీవనోపాధిని గూర్చి మనకు తెలిసినది చాలవఱకు తరువాత అతడే వ్రాసిన గ్రామగురువు కథలోనిది. అందలి పెద్దకుమారుని సంచారము గ్రంథకర్త అనుభవమేయని పండితులు తలంతురు. చీకటిపడు వేళకు ఏదేని రైతు ముంగిట నిలిచి సంతోషకరమైన పాట యొకటి పిల్లనగ్రోవిపై వాయించును. పొలము పనిచేసి అలసినవారు చేరి నాట్యమాడుదురు. ఆ రాత్రికి భోజనమును, పండుకొన తావును, మఱునాటికి కొంత బత్తెమును దొరకును. ధనవంతుల వాకిటను అదే వాయించెనుగాని అక్కడ మెప్పును లేదు, మెతుకును లేదు. ఆ కుమారుడే హాలెండు జనులకు ఇంగ్లీషు నేర్పుదునని పోయి, ముందుగా తనకు వారి భాష రావలెనను సంగతి దిగినపిమ్మటగాని తలపోయడు. ఇట్టి తలపు గోల్డ్‌స్మిత్‌కు దప్ప మఱియెవరికి తోచును?

పారిసు నగరమున రూయెల్ పండితుని రసాయన ప్రసంగములు వినెను. అవి వినుటకు గొప్పయింటి స్త్రీలు రాజాస్థానమునకు వచ్చినట్లు అలంకరించుకొని వచ్చుట చూచి యాశ్చర్యపడెను. అదే నగరమున వోల్టేరును చూచితినని, ఆయన వాదము వింటినని కూడ వ్రాసెను. ఇది మాత్రము పొసగదు. వోల్టేరు 1750 మొదలు 1778 వఱకు పారిసులో లేడు; 1755లో జెనీవా చెంత నివాస మేర్పఱచుకొనియుండెను. స్విట్జర్లండులో చూచినదానిని పారిసులో చూచినట్లు పొరపడెనో, చూడకయే చూచినట్లు వ్రాసెనో, తేల్చుట కష్టము.

పిమ్మట స్విట్జర్లండు. ఆల్ప్సు పర్వతములయొద్ద ఒంటరిగా నున్నప్పుడు అతని మనస్సు ఇంటివైపు తిరిగెను. అన్నయగు హెన్రీ ఇంటియొద్దనే నిలిచి, ఏటికి 40 పౌనుల ఆదాయముతో దైవసేవ చేయుచు, ఆలుబిడ్డలతో తృప్తిగా నుండెను. కళాశాలలో ఉపాధ్యాయుడు కొట్టినందుకు ఆలివర్ పాఱిపోయినపుడు బుజ్జగించి తిరిగి తెచ్చినవాడు ఈ హెన్రీయే. ఎన్ని దేశములు తిరిగినను తనకొక యిల్లు లేదని, ఏ ముంగిలియు తనది కాదని తమ్ముడు ఒక పద్యము మొదలిడి, కొంతభాగము అచ్చటినుండియే అన్నకు పంపెను.

కొండలు దాటి ఇటలీలో దిగునప్పటికి పిల్లనగ్రోవి పనికిరాకపోయెను. ఆ దేశమున ప్రతి రైతును ఇతనికంటె చక్కగా వాయింపగలడు! అప్పుడు వేఱొక విద్య అక్కఱకు వచ్చెను. అచ్చటి విశ్వవిద్యాలయములలోను మఠములలోను కొన్ని దినములయందు తత్త్వవిషయములపై వాదములు జరుగుచుండెడివి. వచ్చిన పరదేశి చక్కగా వాదించెనేని కొంత ధనము, ఒకపూట భోజనము, ఒక రాత్రికి పడకయు లభించును. అట్లు వాదించి వాదించి కడుపు నింపుకొనుచు పదువా మొదలగు పట్టణములు చూచెనని చరిత్రకారులు చెప్పుదురు. ఇంటినుండి ధనసహాయము నిలిచిపోగా తిరుగుముఖము పట్టి, 1756వ సంవత్సరము ఫిబ్రవరి మొదట డోవరు రేవున దిగెను.

లండను ఇతనిని ఆదరింపలేదు. మందుల దుకాణములో పనిచేసెను. బీదలపేటలో వైద్యుడుగా నుండెను. పెక్కాము అను చోట బడిపంతులయ్యెను. పత్రికకు కూలివ్రాతలు వ్రాసెను. 1758లో జరిగిన సంగతి మన ప్రాంతపు విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. ఆ యేట అతనికి ఈస్టిండియా కంపెనీవారి కోరమాండలు తీరపు కోఠీలలో నొకదానికి వైద్యుడుగా ఏటికి 100 పౌనుల జీతముపై నియామకము దొరకెను. ఐరోపా దేశముల విద్యాస్థితిని గూర్చి తాను తిరిగి తెలిసికొన్నదెల్ల నొక గ్రంథముగా వ్రాసి, దానిపై వచ్చు ధనముతో ఓడఖర్చు చెల్లింపవలెనని తలచెను. కాని ఆ నియామకము చేజాఱెను. డిసెంబరులో శస్త్రవైద్యుల సంఘమువారి పరీక్షకు పోగా చాలడని త్రోసివేసిరి. ఆ పరీక్షకు ధరించుటకై అరువు తెచ్చిన దుస్తులను పిమ్మట తాకట్టు పెట్టి అవమానము పాలయ్యెను. అదే డిసెంబరులో పిఠాపురము చెంత చందుర్తి యొద్ద ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము జరిగినది. పరీక్షలో నెగ్గి ఓడ యెక్కియుండినచో మన తీరమున నతని గతి యేమయ్యెడిదో!

ఆల్ప్సుచెంత మొదలిడిన పద్యమును పలుమారులు దిద్ది, 1764 డిసెంబరులో సంచారి యను పేర ప్రకటించెను. కొండపై కూర్చుండి ఇటలీని, స్విట్జర్లండును, ఫ్రాన్సును, హాలెండును, బ్రిటనును ఒక్కొక్కటిగా చూచి, ఏ దేశపు జనుల సుఖమెట్టిదో తరచిన కావ్యమది. ఇట్టి గ్రంథమును గొప్ప ప్రభువుల కంకితమిచ్చుట ఆనాటి వాడుక. గోల్డ్‌స్మిత్ దానిని 40 పౌనుల ఆదాయము గల తన యన్న హెన్రీకి అంకితమిచ్చెను. అతని పేరుతో అచ్చుపడిన మొదటి పుస్తక మిదియే. అన్న 1768లో మరణించెను.

తరువాతి కీర్తి యందఱెఱిగినదే. 1774 ఏప్రిల్ 4వ తేదీన అతడు చనిపోవునప్పటికి అప్పు ఇంచుమించు 2000 పౌనులు. అతని గది మెట్లపై దిక్కులేని బీదజనులు కూర్చుండి యేడ్చిరట. వారికి ఇచ్చినదికూడ ఆ యప్పులోనిదే కాబోలు.

గ్రామగురువు కథ 1766లో వెలువడినది. జాన్సన్ పండితుడు దాని వ్రాతప్రతిని 60 పౌనులకు అమ్మిపెట్టి గ్రంథకర్తను ఇంటియద్దె బాకీనుండి తప్పించెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ కథ చదివి, దానివలన ప్రేరితులై, మన ధవళేశ్వరమును, గోదావరిని, మన కుటుంబముల కష్టసుఖములను చేర్చి రాజశేఖర చరిత్రమును రచించిరి. అది 1878లో వివేకవర్ధని పత్రికలో మొదలై, 1880లో పుస్తకరూపమున వెలువడెను. 1887లో దానిని హచిన్‌సన్ అను నాయన ఆంగ్లీకరింపగా లండను నగరమున అచ్చుపడినది.